కృష్ణా! రామా!



మన యిండ్లలో ముదుసలి తల్లులతో తఱచుగా పలుకు మాట యొకటి కలదు. "ఇంకను నీకెందుకమ్మా యీ పాట్లు? కృష్ణా! రామా! యనుకొనుచు నొకమూల కూర్చుండరాదా?" కొడుకు ననును, కోడలు ననును, పండుగకు వచ్చిన కూతురు సైత మనును. ఈ మాటలో దయ లేదని మే మనజాలము. చాలవఱకు దయతోనే పలుకుదురు. కాని యీ మాట విన్నప్పుడు ఆ పెద్దామె మొగము నొకసారి పరికించి చూడుడు. చేతిలోని చేటనో కత్తిపీటనో క్రింద బెట్టును. చిన్నగా నవ్వును. లేచిపోయి కూర్చుండును. "ఒకమూల" యన్న పదమే యామె చెవిని బడును గాని, కృష్ణుడును రాముడును బడరు.

వార్ధకమున సంతోషమును, దైవమునందు నమ్మికయు, బ్రతికిన బ్రతుకునకు కృతజ్ఞతయు దినదినమును నిలిచియుండుట యెట్లని యీ నెల ముచ్చటింప దలచితిమి. మా యభిప్రాయము దాపరికము లేక చెప్పుచున్నాము. ఇంటిలో తనకంటూ నొక చిన్న పని యున్న ముదుసలికి ఈ మూడును వాటంతట నవియే దొరకును. ఆ పనిని విశ్రాంతి పేరిట మనము లాగికొన్నచో, ఎన్ని పురాణములు వినిపించినను, ఎన్ని తీర్థములు త్రిప్పినను అవి నిలుచుట కష్టము.

మన అవ్వలు నామస్మరణ యెప్పుడు చేసిరో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. తెల్లవాఱుజామున వాకిలి యూడ్చునప్పుడు, కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టునప్పుడు, కవ్వముతో మజ్జిగ చిలుకునప్పుడు, తిరుగలి త్రిప్పునప్పుడు దేవుని పేరు వారి నోట నాడుచుండెడిది. చేయి యొక తాళము పట్టగా నోరు దాని ననుసరించెడిది. భక్తికి వేఱుగా నొక కుర్చీయు, ఒక గంటయు నుండవలయునని వారెఱుగరు. ఇప్పుడు కవ్వమును లేదు, తిరుగలియు లేదు. వాని కొఱకు మేము విలపించుట లేదు. ఆ తిరుగలి యెందఱి నడుములు విఱిచెనో పెద్దల నడిగిన చెప్పుదురు. అయినను చేతులు రెండును ఒడిలో నుంచుకొని, గోడను జూచుచు, వట్టి నోటితో దైవమును తలచుట మహాయోగులకైనను సులభము కాదు. మన తల్లుల నుండి దానిని కోరుటలో న్యాయ మేమున్నది?

మే మెఱిగిన యొక యింటి సంగతి చెప్పెదము. అత్తగారికి 78 ఏండ్లు. కోడలు కచేరీ ఉద్యోగము చేయు గుణవతి. అత్తగారిని కష్టపెట్టరాదని వంటమనిషిని పెట్టినది, ముందుగదిలో మెత్తని కుర్చీ వేయించినది, ఎదుట టెలివిజను పెట్టించినది. ఏడాది తిరుగకముందే ఆ పెద్దామె "ఈపూట యేమి కూర?" యని యడుగుట మానినది. పిమ్మట ఆకలి లేదనుట మొదలుపెట్టినది. నడక తగ్గినది. పని లేక పడియున్న వృద్ధుల కండలు కొలది దినములలోనే సడలునని వైద్యులు చెప్పుదురు. ఒకసారి సడలిన కండలను తిరిగి తెచ్చుకొనుట ఆ వయస్సున దుస్తరము. కోడలికి దుఃఖము కలిగినది. తాను చేసిన లోప మేమో తెలియలేదు. తెలియునట్టి లోపము నిజముగా లేదు. ఇంటిలో నెవ్వరును ఆమెను ఏ చిన్న విషయమును అడుగుట లేదు, అంతియే.

కార్తికము వచ్చినది. పున్నమినాడు వెలిగించు 365 వత్తుల కట్టను అంగడిలో కొనితెత్తునని కోడ లనగా, పెద్దామె మొదటిసారి యెదురాడినది. "అంగడివత్తి నూనె పీల్చదు. పత్తి తెచ్చి నాకిమ్ము" అన్నది. తెచ్చి యిచ్చిరి.

వత్తులు చేయుట చూడని పిల్లలు నేడు పెక్కుమంది యున్నారు గనుక కొంచెము వివరింతుము. గింజ తీసిన పత్తిని వ్రేళ్ళతో విప్పి, నలుసులు లేకుండ దువ్వినట్లు సాగదీయవలయును. వ్రేళ్ళకు కొంచెము విబూది యద్దుకొని, కొలది కొలదిగా లాగుచు అరచేతుల నడుమ నులుమవలయును. లావైనచో పొగ వచ్చును, సన్ననైనచో త్వరగా నాఱిపోవును. వ్రేళ్ళ కీళ్ళు నొచ్చువారు పొడవువత్తులు మాని పువ్వువత్తులు చేసికొనవచ్చును. చిన్న పత్తియుండను అరచేత గుండ్రముగా పఱచి, నడుమను పైకి లాగి మొన త్రిప్పిన చాలును. నేతిలో ముంచి పెట్టినచో నిలుచుండి వెలుగును. లక్షవత్తుల నోము పట్టినవారు దినమునకు 300 చొప్పున చేసినను 334 దినములకు గాని ముగియదు. అంత ఓర్పు గల పని యిది. కంటిచూపు కొంచెము మందగించినను వ్రేళ్ళే చూచుకొనును. వత్తికొక పేరుగా దైవమును తలచుకొనుట పూర్వపు వాడుక.

ఆ పెద్దామె పదునొకండు దినములలో 365 వత్తులు చేసినది. తక్కువ పడునేమో యని నాలుగైదు సారులు లెక్కించుకొన్నది. ఆ పదునొకండు దినములును అన్నము వేళకు తినినది. ప్రక్కింటి పిల్లవాడు వచ్చి "ఇదెందుకు, అదెందుకు" అని ప్రశ్నలు వేయగా, వానికి దామోదరుని కథ చెప్పినది. ఇందు మహిమ యేమియు లేదు. తాను లేనిదే జరుగని పని యొకటి యామెకు దొరకినది. ఆనాటి నుండి ఆ యింట చింతపండు గింజలు తీయుట, గోంగూర యాకు గిల్లుట, పప్పులో రాళ్ళేఱుట, ఎండలో వడియములకు కాకులు రాకుండ కఱ్ఱ పట్టుకొని కూర్చుండుట ఆమె పాలివైనవి. ఆవకాయ కలుపునప్పుడు ఉప్పు చాలినదా లేదా యన్న తీర్పు ఆమె నాలుకదే.

దైనందినమైన పనిలోనే దైవమును గన్నవారికి మన గోదావరి సీమలో గొప్ప యుదాహరణ మున్నది. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించి, గోదావరి పాయల నడుమనున్న లంకల గన్నవరమునకు కోడలై వచ్చి, 1909లో కన్నుమూయువఱకు వచ్చినవారి కెల్ల అన్నము పెట్టిరి. వేళ యని, కులమని విచారింపలేదు. ఆ సీమవారు చెప్పుకొను కథ యొకటి కలదు. ఆమె యొకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకై బయలుదేఱిరట. త్రోవలో నొక గుంపువారు ఆకలితో నేడ్చు పిల్లలను "ఇంకొంచెము దూరము, సీతమ్మగారి యిల్లు చేరినచో అన్నము దొరకును" అని యోదార్చుట వినిరట. వెంటనే వెనుకకు మఱలి, వారికంటె ముందుగా నిల్లు చేరి పొయ్యి వెలిగించిరట. స్వామి దర్శనము చేయలేదని ఆమె చింతించినట్లు మాత్ర మెవ్వరును చెప్పరు. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరు పెట్టిరి. పొయ్యికడ గడచిన జీవితమునకు ఇంతకంటె తగిన స్మారకము మాకు తోచదు.

ఇచ్చట నొక హెచ్చరిక చేయక తప్పదు. మేము చెప్పిన దానిని సాకుగా గొని, ఇంటి చాకిరియంతయు ముదుసలి నెత్తిన రుద్దువారు లేకపోలేదు. ఉదయము ఎనిమిది గంటలకు చంటిపిల్లను ఒడిలో పడవైచి, రాత్రి యెనిమిదింటికి వచ్చి తీసికొని, "అమ్మకు కాలక్షేపముగా నున్నది" యని చెప్పుకొను బిడ్డలను మే మెఱుగుదుము. డెబ్బదియేండ్ల నడుముతో రెండేండ్ల పిల్లవాని వెంట పరుగులిడుట కాలక్షేపమా! పనికిని చాకిరికిని భేదము తెలిసికొనుట కొక సులభమైన పరీక్ష కలదు. "ఈపూట నా చేత కాదు" అని యామె సంకోచము లేక చెప్పగలదా? చెప్పినప్పుడు ఇంటిలోనివారు ముఖము మాడ్చుకొనక యుందురా? అట్లయిన నది పని. లేకున్న నది చాకిరియే.

చేతిలో సొంతపు డబ్బు నాలుగు రూపాయలుండుటయు ఆనందములో నొక భాగము. దీనిని వేదాంతులు నిరసింతురు గాని, స్త్రీలకు తెలియును. 2019లో తెలంగాణమున వృద్ధుల పింఛను 2,016 రూపాయలు చేసిరి. ఆంధ్రప్రదేశమున 2024 జూలై మొదలుకొని 4,000 రూపాయలు చేసి, నెల మొదటి తేదీన ఇంటికే తెచ్చి యిచ్చు నేర్పాటు గావించిరి. ఆ డబ్బుతో తన టీపొడి తాను కొనుక్కొని, మనుమరాలికి గాజులు కొనిపెట్టి, గుడి హుండీలో పది రూపాయలు వేసి వచ్చిన అవ్వ నడకను చూచితిరా? పెట్టు చేయి యొకటి తనకింకను మిగిలియున్నదన్న తృప్తి యా నడకలో నుండును. ఆ పింఛనునో, కొడుకిచ్చు నెల డబ్బునో "నీకెందుకు, మేము చూచుకొందుము" అని తీసికొనువారు ఆమె చేతి దానమును గూడ తీసికొనుచున్నారు. 2007లో కేంద్ర ప్రభుత్వము వృద్ధ తల్లిదండ్రుల పోషణకై చట్టము చేసినది. పోషింపని బిడ్డలపై ఫిర్యాదు చేసికొనుటకు ప్రత్యేక న్యాయమండలి నేర్పఱచినది. కూడు పెట్టించుట చట్టముచేత నగును. "ఈ పులుసు నెట్లు కాతువమ్మా?" అని యడిగించుట దేనిచేత నగును?

అట్లడిగినవారి వలన లోకమునకే పరిచితురాలైన యొక వృద్ధురాలి సంగతి చెప్పవలయును. గుంటూరు సీమలో తెనాలి యొద్ద గుడివాడ గ్రామమున మస్తానమ్మ యను ముదుసలి యుండెడిది. పిన్నవయస్సుననే భర్తను గోల్పోయి, కూలినాలి చేసికొని బ్రతికినది. ఆమె పొలములో కట్టెలపొయ్యి మీద వండుచుండగా మునిమనుమడు చిత్రములు తీసి 2016 మొదలుకొని యూట్యూబులో పెట్టుచు వచ్చినాడు. నూఱేండ్లు దాటినదని చెప్పబడిన యా అవ్వ వంటను పదిలక్షలకు మించినవారు క్రమముగా చూచువారైరి. ఆమె 2018 డిసెంబరులో మరణించినది. ఆ చిత్రములను మేమును చూచితిమి. వండినది నలుగురు తినుచుండగా చూచి యామె నవ్వు నవ్వు మాకు మిక్కిలి నచ్చినది. బోసినోటి నవ్వు. ఆ వయస్సున నేల మీద కూర్చుండి తానుగా నల్లము తొక్క తీయుచుండగా, "అవ్వా, నీవు లేచి అవతల కూర్చుండుము" అని యెవ్వరైన ననినచో ఏమి జరిగియుండెడిదో యూహించుకొనుడు.

ఇక కృతజ్ఞతను గూర్చి. ఇది యడిగి పుచ్చుకొనదగిన వస్తువు కాదు. యాబదియేండ్లు తోడునీడగా నున్న భర్త పోయి ఆఱునెలలు కాని తల్లితో, "నీకేమి తక్కువమ్మా! బంగారమువంటి పిల్లలున్నారు. దేవునికి దండము పెట్టుకొనుము" అని చెప్పుట క్రూరత్వము. ఆమె ఏడ్చుచున్న దేమి తక్కువయైనదో యామెకు తెలియును. దేవునిమీద అలుగుటయు విశ్వాసములో నొక భాగమే. లేడనుకొన్నవానిమీద నెవ్వరలుగుదురు? కొన్నాళ్ళు దీపము పెట్టకున్నను బలవంతపెట్టరాదు. పక్కన కూర్చుండి పోయినవాని కబుర్లు చెప్పించుకొనుట మేలు.

"దేవుడు నన్నింకను తీసికొనిపోడేమి?" అని కొందఱు పెద్దలు పలుమాఱు లనుచుందురు. విని విని అది యొక యూతపదమని ఇంటివారు పట్టించుకొనరు. నిజముగా ఊతపదమైనచో చింతలేదు. కాని దానితోబాటు నిద్ర పట్టకుండుట, అన్నము సయింపకుండుట, ఇష్టమైనవానిపై గూడ విరక్తి కలుగుట, వారముల తరబడి సాగుచున్నచో అది వైరాగ్యము కాదు, మనోవ్యాధి. మందునకు లోబడు వ్యాధి. "ముసలితనములో నింతే" యని తలంపక వైద్యునికి చూపింపవలయును. భక్తి చాలక వచ్చినదని ఆమెను నిందించుట మఱింత దోషము.

కన్నును చెవియు బాగుచేయక కృతజ్ఞతను బోధించుటయు నిట్టిదే. శుక్లము క్రమ్మిన కంటికి ప్రొద్దుపొడుపు నొకటే, పొగమంచు నొకటే. మసకవాఱిన కటకమును తీసి క్రొత్తది యమర్చు శస్త్రచికిత్స నేడు స్వల్పకాలములో ముగియును. చాలమందికి ఆసుపత్రిలో రాత్రి యుండవలసిన పనియు లేదు. తెలంగాణమున 2018 ఆగస్టు 15న "కంటి వెలుగు" పేరిట ఊరూర కన్నులు పరీక్షించు కార్యము నారంభించి, అద్దములు పంచిపెట్టిరి. అద్దములు వచ్చిన మఱునాడు భాగవతమును తానై చదువుకొన్న అవ్వ కలదు. పట్టు బట్టలో చుట్టి దాచిన ఖురానును తెఱచి, పంక్తి వెంట వ్రేలు నడపుకొన్న మహమ్మదీయ మాత కలదు. ఆదివారపు కీర్తనల పుస్తకములో అక్షరము లగపడినవని కన్నీరు పెట్టుకొన్న క్రైస్తవ వృద్ధురాలు కలదు. చెవి సంగతి ఇంకను ముఖ్యము. వినబడనివారిని చూచి నవ్వుట మన కలవాటు. నలుగురు నవ్వునప్పుడు ఎందుకు నవ్వుచున్నారో తెలియక తానును నవ్వు ముదుసలి యెంత యొంటరిదో తలంపుడు. 2020లో లాన్సెట్ అను వైద్యపత్రిక పక్షమున పండితులు వార్ధకపు మతిభ్రంశమునకు దోహదము చేయు, మనము చక్కదిద్దుకొనదగిన కారణములు 12 చెప్పిరి. చెవుడు వానిలో నొకటి. చెవికి పెట్టుకొను యంత్రము నామోషీ యని పెద్దలు మొరాయింతురు. మనుమరాలిచేత చెప్పించిన విందురు.

బిడ్డలు విదేశములలో నున్న తల్లులు మన పాఠకురాండ్రలో చాలమంది యున్నారు. వారి దినమంతయు నొక ఫోను చుట్టు తిరుగుచుండుట మేము గమనించితిమి. ఎప్పుడు మ్రోగునో యని స్నానమునకు గూడ తొందరపడుదురు. కూతుండ్రారా! పిలుపునకు వేళ నిర్ణయింపుడు. అమెరికా తూర్పుతీరమున నున్నవారికి వేసవిలో ఉదయము 9 గంటలైనప్పుడు, చలికాలమున 8 గంటలైనప్పుడు, ఇచ్చట సాయంకాలము ఆఱున్నర. సంధ్యాదీపము పెట్టి కూర్చుండు వేళ. ఆ వేళకు సెలవుదినములలో మనుమనికి నొక వేమన పద్యము నేర్పు పని అమ్మమ్మకు అప్పగింపుడు. "ఎట్లున్నావు? బాగున్నాను. మందులు వేసికొంటివా? వేసికొంటిని" అని రెండు నిమిషములలో ముగియు సంభాషణ ఎన్నిసారులు జరిగినను ఆమె దినమునకు వెలుగు రాదు. పద్యము చెప్పవలసియున్నచో, ఆమె ముందుగా మననము చేసికొనవలయును. మఱచిన పాదము నెవ్వరినైన నడుగవలయును. ఆ వెదకులాటలో ప్రొద్దు గడచును. వృద్ధాశ్రమములలో నున్న తల్లులకును ఇదే చెప్పుదుము. అచ్చట నున్నవారందఱును విడువబడినవారని తలంచుట పొరపాటు. తోటివారితో నిష్టపడి చేరినవారును గలరు. అట్టి చోటులలో గూడ పూలకుండీలకు నీరు పోయుట, ప్రార్థనకు గంట కొట్టుట యెవరి వంతో వ్రాసియుంచినచో ఆ గంట కొఱకు ముందుగానే లేచి చీర మార్చుకొనువా రుందురు.

పెద్దలకును రెండు మాటలు విన్నవించుకొందుము. తల్లులారా! మీ కోడలు కాచిన చారు మీ చారువలె నుండదు. మీ చారు మీ యత్తగారి చారువలె నుండెనా? బాగున్నచో బాగున్నదని ఆ పూటనే, నలుగురిలో చెప్పుడు. చీరె మడత పెట్టి యిచ్చిన మనుమరాలితో, మందుసీసా మూత తీసి యిచ్చిన పనిపిల్లతో ఒక మంచిమాట చెప్పుడు. మన భాషలో "కృతజ్ఞతలు" అనునది సభలలో వాడు మాట. ఇంటిలో "నీ కడుపు చల్లగా!" అందురు. అది యిప్పుడు వినబడుట తక్కువైనది. పిల్లలు ఆ మాటకు నవ్వుదురు గాని, పోయి తమ తల్లులతో చెప్పుకొందురు.

మఱియు ఎవ్వరైన "కృష్ణా రామా యనుకొనుచు కూర్చుండుము" అని యన్నచో కోపపడవలదు. "అట్లేనమ్మా, ఆ చిక్కుడుకాయలిటు తెమ్ము, ఈనెలు తీయుచు అనుకొందును" అనుడు.

మీ యింటి పెద్దామెకు మిక్కిలి యిష్టమైన పని యేదో ఈ నెలలో నడిగి తెలిసికొని మాకు వ్రాయుడు. ఆమె చేతనే వ్రాయించి పంపినచో మఱియు సంతోషింతుము. వ్రాలు వంకరగా నున్నను మాకు చదువుట కష్టము కాదు. వచ్చిన జాబులలో కొన్నిటిని రాబోవు సంచికలో ప్రకటింతుము.